పొరుగుకి థాంక్స్ చెప్పరు

మంగళవారం పొద్దున్న కాఫీ దగ్గర హెర్మీన్ మొగుడితో అబద్ధమాడింది. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆవిడకి ఆ అలవాటు పెద్దగా లేదు. అందుకే సరిగ్గా చేతకాలేదు.

"శుక్రవారం సెలవు పెట్టు. మా యానా పిన్నికి తొంభై నిండుతున్నాయిట. పట్నంలో కాఫీ ఇస్తున్నారు. సూట్ వేసుకోవాలి."

"కాఫీకి సూటెందుకే?"

"తొంభై ఏళ్ళంటే మాటలా?" అంటూ కప్పులు తీసుకెళ్ళి కడగడం మొదలుపెట్టింది. డెర్క్ కప్పులో కాఫీ ఇంకా సగం పైనే ఉంది.

డెర్క్ లేచి మరుగుదొడ్లోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. పుట్టినరోజుల క్యాలెండర్ అందరిళ్ళలోలాగే అక్కడే ఉంది, కూర్చుంటే కళ్ళకెదురుగా. ఏప్రిల్ పేజీలో ఉన్నవి మూడే పేర్లు: అతని తమ్ముడు, పశువుల డాక్టరు, ఎవరో గుర్తుకు రాని ఒక లీస్‌బెత్. యానా పిన్ని కోసం పేజీలు తిప్పాడు. అక్టోబరు పందొమ్మిది, హెర్మీన్ చేతిరాతే. పిన్నిగారు ఈ ఏడు ఆర్నెల్లు ముందే పుట్టాలని నిర్ణయించుకుంటే తప్ప, భార్య అబద్ధమాడుతోంది.

భార్య అబద్ధమాడితే మగవాడికి ఏవేవో అనుమానాలు రావాలి. డెర్క్‌కి ఒక్కటే వచ్చింది, అది వచ్చేసరికి చెవులు వేడెక్కాయి. రాజుగారి పుట్టినరోజుకి ముందొచ్చే శుక్రవారం అది. ఆ రోజు దేశమంతటా మున్సిపాలిటీ ఆఫీసుల్లో, ఊరికి మంచి చేసిన మామూలు మనుషులకి రాజుగారి పతకాలిస్తారు. పుచ్చుకునేవాళ్ళకి ఆ సంగతి ముందు తెలియకూడదు, అది ఆచారం. అందుకని ఆ వారమంతా ఎంతోమంది పెళ్ళాలు, కొడుకులు, కోడళ్ళు సిగ్గు లేకుండా అబద్ధాలాడతారు. పళ్ళ డాక్టరంటారు, బాప్తిస్మమంటారు, పిన్ని పుట్టినరోజంటారు. మామూలప్పుడు కల్లలెరగని ఇంట్లో ఏప్రిల్ చివర "సూట్ వేసుకో" అన్న మాట వినబడిందంటే దానికి అర్థం ఒక్కటే.

పతకం దేనికో డెర్క్ వెతుక్కోవాల్సిన పనిలేదు. యాభై ఎనిమిదేళ్ళ ఈ పాల ట్యాంకర్ డ్రైవరు ఒంట్లో ఉన్నది ఒకే కిడ్నీ. రెండోది మూడేళ్ళుగా కంచెకి అవతల, పక్కింటి ఎవెర్ట్ ఒంట్లో తిరుగుతోంది.

ఎవెర్ట్, డెర్క్ నాలుగేళ్ళ వయసు నుంచీ ఇరుగుపొరుగు. మా వెస్సెల్‌బ్రూక్‌లో పొరుగంటే చుట్టరికం కన్నా ఎక్కువ. పక్కింట్లో పురుడొస్తే మనిషంత పొడుగున్న ఎండుద్రాక్షల రొట్టె నిచ్చెన మీద పెట్టి మోసుకెళ్ళాలి. పెళ్ళయితే గుమ్మానికి కాగితం గులాబీల తోరణం కట్టాలి. ఎవరైనా పోతే పెట్టె మొయ్యాలి. వీటికి ఎవరూ పిలవరు, చేసినందుకు ఎవరూ థాంక్స్ చెప్పరు. పొరుగువాడికి థాంక్స్ చెప్పడమంటే నువ్వు పరాయివాడివి అనడమే. ఇవాళ నీ ఆవు ఈనుతుంటే నేనొస్తాను, రేపు నా ఇంటికప్పు కారితే నువ్వొస్తావు, అంతటితో సరి. ఈ పద్ధతి వందల ఏళ్ళుగా ఏ చిక్కూ లేకుండా నడిచింది, ఎందుకంటే అన్ని వందల ఏళ్ళలో ఎవరూ ఎవరికీ కిడ్నీ ఇవ్వలేదు.

ఎవెర్ట్‌ది తండ్రి నుంచి వచ్చిన జబ్బు. వారానికి మూడుసార్లు పట్నం వెళ్ళి రక్తం శుద్ధి చేయించుకుని, ఇంటికొచ్చి సోఫాలో పడి గోడకేసి చూస్తూ ఉండేవాడు. భార్య రీకీ కిడ్నీ అతనికి సరిపడలేదు. డెర్క్‌ది సరిపడింది. ఆసుపత్రిలో ఒక మనస్తత్వ డాక్టరమ్మ డెర్క్‌ని గంటన్నర కూర్చోబెట్టి, ఎందుకిస్తున్నారని అడిగింది. "పక్కిల్లు కదండీ" అన్నాడు. ఆవిడ రాసుకుంది. బదులుగా ఏమైనా ఆశిస్తున్నారా అంది. లేదండీ అన్నాడు. అదీ రాసుకుంది. ఆ రోజుకి అది నిజమే.

ఆపరేషనయ్యాక ఊరు తనకి తెలిసిన రీతిలో కృతజ్ఞత చూపించుకుంది. ఫుట్‌బాల్ క్లబ్బు ఒక పూలకుండీ పంపింది. ఆసుపత్రివాళ్ళు కోటుకి పెట్టుకునే చిన్న పిన్ను ఇచ్చారు, రెండో వారంలోనే అది హెర్మీన్ వాక్యూమ్ క్లీనర్ పాలయింది. బేకరీ ఆయన కిడ్నీ ఆకారంలో కేకు చేసి పైన ఎర్ర జెల్లీ పోసి మరీ పంపాడు. దాని మీద కత్తి పెట్టడానికి ఇంట్లో ఎవరికీ చెయ్యి రాక మూడు రోజులుంచి కోళ్ళకి వేశారు. పాస్టరుగారు ప్రసంగంలో పేరెత్తారు, కాకపోతే డెర్క్ అన్న పేరు కాస్త తప్పుగా పలికారు. పాలు పోసే రైతులు "వచ్చాడ్రా ఒంటి కిడ్నీ వీరుడు!" అని కాఫీ ఇచ్చారు. ఆర్నెల్లకి అంతా సద్దుమణిగింది. డెర్క్ అందరితోనూ ఒకటే అన్నాడు, "అబ్బే, నాదేముంది, ఒకటి ఎక్కువుంటే ఇచ్చాను." మా వైపు మనిషి అలాగే అనాలి. మామూలుగా ఉండు, అందులోనే చాలినంత పిచ్చి ఉంది అని మా పెద్దల సామెత.

థాంక్స్ అనని వాడు ఎవెర్ట్ ఒక్కడే. అనకపోవడమే పద్ధతి, దానికి డెర్క్ ఏమీ అనుకోలేదు. కానీ ఎవెర్ట్ అంతకన్నా ఘోరమైన పని మొదలుపెట్టాడు, బదులు తీర్చడానికి చూశాడు. డెర్క్ నిద్ర లేచేసరికి చెత్త డబ్బా వీధిలో పెట్టి ఉంటుంది. శనివారం తోటలోకి వెళితే గడ్డి కోసేసి ఉంటుంది. మే నెలంతా గుమ్మం ముందు కూరకని తెల్ల ఆస్పరాగస్ కాడల కట్టలే. తిని తిని హెర్మీన్‌కి ఆ వాసనంటేనే వెగటు పుట్టింది. ఇవన్నీ ఒక ఎత్తు, గురువారం పేకాట ఒక ఎత్తు. రెండు జంటలూ పాతికేళ్ళుగా ఆడుతున్న ఆట అది. పూర్వం ఎవెర్ట్ ఆ ఆటలో అన్నిటికన్నా పెద్ద ముక్కైన తురుపు జాకీని బల్ల మీద చరిచి "ఏడవరా, ఏడువ్!" అని అరిచేవాడు. ఇప్పుడు జాకీని చేతిలో దాచుకుని చెత్త ముక్క వేసి ఓడిపోతాడు. ఓడిపోయి, "బాగా ఆడావు, డెర్క్" అంటాడు. ఒరేయ్ అనడం కూడా మానేశాడు.

కిడ్నీ ఇచ్చినందుకు డెర్క్ ఏనాడూ విచారించలేదు. స్నేహితుడు పోయినందుకు విచారిస్తున్నాడు. మనిషి కళ్ళెదుటే ఉన్నాడు, ఆరోగ్యంగా ఉన్నాడు, వంగి వంగి మర్యాదగా ఉన్నాడు. ఆ మర్యాద చూస్తే డెర్క్‌కి తిట్టాలనిపిస్తుంది. అందుకే మరుగుదొడ్లో కూర్చున్నప్పుడు అతనికి ఆ ఆలోచన వచ్చింది. రాజుగారే స్వయంగా ఎవెర్ట్ తరఫున థాంక్స్ చెప్పేస్తే? అక్కడితో ఎవెర్ట్ నెత్తిన బరువు దిగిపోదూ? మళ్ళీ మనిషిలా తిట్టుకుంటూ బతకొచ్చు.

తనకి తాను చెప్పుకున్న కారణం ఇది. చెప్పుకోని కారణం ఇంకొకటుంది: అతనికి పతకం కావాలనిపించింది. నాకేం వద్దు, నాకేం వద్దు అని మూడేళ్ళు ఊరంతా తిరిగి చెప్పినవాడికి గుండెల్లో ఆ కోరిక ఎక్కడ దాక్కుందో అతనికే అర్థం కాలేదు. సిగ్గేసింది. సిగ్గుపడుతూనే బూట్లకి పాలిష్ పెట్టాడు.

బుధవారమంతా ట్యాంకరులో వినయం సాధన చేశాడు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పతకం కంటికి కనబడకముందే దాన్ని పుచ్చుకుంటూ ఏమనాలో మాటలు పేర్చుకున్నాడు. "ఇది నాకు కాదు, మన పొరుగు ధర్మానికి" అని ఒకసారి అనుకున్నాడు, మరీ పాస్టరుగారిలా ఉంది. "నేను చేసిందేమీ లేదు" అనుకుంటే మరి ఎందుకు పుచ్చుకుంటున్నావంటారు. గొట్టంలోంచి పాలు ట్యాంకులోకి పోతున్నంతసేపూ గొణుగుతూనే ఉన్నాడు. ఒక దొడ్డి దగ్గర రైతు భార్య, "ఎవరితో మాట్లాడుతున్నావయ్యా, ఆవులతోనా?" అని అడిగింది.

సాయంత్రం కంచె దగ్గర ఎవెర్ట్ పిలిచాడు.

"డెర్క్, శుక్రవారం నన్ను మున్సిపాలిటీకి రమ్మన్నారుట. ఐసు మైదానానికి నీళ్ళు పెట్టే అనుమతి గురించి మీటింగుట. రీకీ ఏమో సూట్ వేసుకోమని చంపుతోంది. నీళ్ళ అనుమతికి సూటేమిటి?"

ఎవెర్ట్ ఊరి స్కేటింగ్ క్లబ్బుకి నలభై ఒక్క ఏళ్ళుగా పెద్ద. ఏటా డిసెంబరు రాగానే పంపు పెట్టి పచ్చికబయలంతా జానెడు లోతున నీళ్ళు నింపుతాడు. తెల్లారగట్ల లేచి వెళ్ళి గడ్డ కట్టిందా అని చూస్తాడు. ఈ రోజుల్లో మూడు శీతాకాలాలకి ఒకసారి కట్టడం కూడా గగనమే, అయినా నీళ్ళు పెట్టడం మానడు. కాబట్టి నీళ్ళ అనుమతి అన్న సాకు బాగానే అతికింది అనుకున్నాడు డెర్క్. తన సన్మానానికి ఎవెర్ట్ రావాలి కదా. వచ్చేవాడు ఏదో ఒక కథ చెప్పాలి కదా. ఎంత బాగా నటిస్తున్నాడో వెధవ!

"మేయరమ్మకి సూట్లంటే ఇష్టమేమోలే" అని డెర్క్ కన్నుగీటాడు.

"కన్నెందుకు కొడుతున్నావ్?"

"ఏం లేదు."

"కంట్లో ఏమైనా పడిందా?"

"ఏం లేదంటున్నాగా! సూట్ వేసుకురా, అంతే."

ఎవెర్ట్ అయోమయంగా చూసి తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆ తల గోక్కోవడం కూడా డెర్క్‌కి భలే నచ్చింది.

శుక్రవారం కారు పట్నం వైపు కాకుండా మున్సిపాలిటీ వైపు తిరిగినప్పుడు డెర్క్ ఏమీ అడగలేదు. హెర్మీన్ స్టీరింగు పట్టుకుని పెదవులు బిగించి నవ్వాపుకుంటోంది. హాలు బయట స్కేటింగ్ క్లబ్బువాళ్ళు ఏడెనిమిది మంది గుంపుగా నిలబడి ఉన్నారు. డెర్క్‌ని చూడగానే కోశాధికారి పరుగున వచ్చి రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు.

"అభినందనలు, డెర్క్! గట్టిగా అనకు, ష్..."

ఆయన వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. అభినందనలు, హెర్మీన్. అభినందనలు, డెర్క్. మా దేశంలో ఒకరికి పండగైతే వాళ్ళ చుట్టుపక్కల ఉన్నవాళ్ళందరికీ అభినందనలు చెప్పేస్తాం. బాబు పుట్టినరోజుకి బామ్మని, మరదలి పుట్టినరోజుకి బావగారిని, ఎవరూ దొరక్కపోతే ఇంట్లో కుక్కని అభినందిస్తాం. ఈ సంగతి డెర్క్‌కి పుట్టినప్పట్నుంచీ తెలుసు. కానీ ఆ పూట అది బుర్రకి ఎక్కలేదు. కళ్ళు చెమ్మగిల్లాయి. "థాంక్స్, థాంక్స్" అంటూ లోపలికి నడిచాడు.

రీకీ, ఎవెర్ట్ మొదటి వరసలో కూర్చున్నారు. డెర్క్‌నీ హెర్మీన్‌నీ రెండో వరసలో, సరిగ్గా వాళ్ళ వెనక కూర్చోబెట్టారు. రెండో వరస ఎందుకా అని ఒక్క క్షణం అనుకున్నాడు. ముందే కూర్చోబెడితే గుట్టు బయటపడుతుంది కదా అని తనే సమాధానం చెప్పుకున్నాడు. ఎవెర్ట్ మెడ బిగుసుకుపోయి ఉంది. పక్కకి వంగి రీకీతో, "ఇంత మందికీ నీళ్ళ అనుమతులేనా?" అని అడుగుతున్నాడు. ఇంకా నటిస్తున్నాడు.

మేయరమ్మ మెడలో పదవి తాలూకు వెండి గొలుసుతో వచ్చింది. మొదట గ్రంథాలయంలో ముప్పై ఏళ్ళు పుస్తకాలు సర్దిన ఒకావిడ. ఆవిడ ఏడ్చింది. తర్వాత బ్యాండు మేళం పెద్దాయన. ఆయన ఏడవలేదు, ఆయన పెళ్ళాం ఏడ్చింది. డెర్క్ అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. మాటలు మళ్ళీ ఒకసారి మనసులో అనుకుంటే ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఇప్పుడు మనం వెస్సెల్‌బ్రూక్‌కి వెళదాం" అంది మేయరమ్మ.

డెర్క్ లేచి నిలబడ్డాడు.

హెర్మీన్ అతని కోటు అంచు పట్టుకుని కిందికి లాగింది. అతనికి తెలియలేదు. మేయరమ్మ కాగితం వంక చూసి నవ్వుతూ ఎవెర్ట్ పేరు చదివింది, ఇంటిపేరుతో సహా.

ఎవెర్ట్ కదల్లేదు. పేరు ఎవరిదో తెలియనివాడిలా ముందు రీకీ వంక చూశాడు, తర్వాత వెనక్కి తిరిగాడు. వెనక డెర్క్ నిలబడి ఉన్నాడు, ఎర్రగా, నోరు కొంచెం తెరుచుకుని. ఇద్దరి చూపులూ కలిశాయి. డెర్క్‌కి కూర్చోవాలో, పారిపోవాలో, చచ్చిపోవాలో తోచలేదు. చేతులు వాటంతట అవే చప్పట్లు మొదలుపెట్టాయి. నిలబడి ఒక్కడే కొడుతున్నాడు. క్లబ్బువాళ్ళు అది చూసి లేచారు. వాళ్ళని చూసి బ్యాండు మేళంవాళ్ళు లేచారు. అర నిమిషంలో హాలంతా నిలబడి చప్పట్లు కొట్టింది. "చూశారా, పొరుగంటే ఇలా ఉండాలి!" అని మేయరమ్మ మురిసిపోయింది.

తర్వాత పావుగంట ఆవిడ ఎవెర్ట్ గురించి చదివింది. నలభై ఒక్క శీతాకాలాలు. రెండుసార్లు పంపు కాలిపోతే సొంత చేతులతో బాగుచేశాడుట. స్కేట్లు కొనుక్కోలేని పిల్లల కోసం పాతవి పోగేసి సానపట్టాడుట. గడ్డ కట్టని ఏళ్ళలో కూడా ఒక్క తెల్లవారుజామూ మైదానానికి వెళ్ళడం మానలేదుట, అనారోగ్యంతో ఉన్న ఏళ్ళలో సైతం. అనారోగ్యం అన్న మాట దగ్గర డెర్క్ ఊపిరి బిగబట్టాడు. ఇప్పుడొస్తుంది, ఒక్క ముక్క, ఒక పేరు. ఆవిడ పేజీ తిప్పింది. మైదానం చుట్టూ దీపాలు పెట్టించిన వైనం చెప్పింది. కిడ్నీ మాట ఎక్కడా లేదు.

కాఫీ కోసం బయటి హాల్లోకి వచ్చాక హెర్మీన్ అతన్ని మూలకి లాక్కెళ్ళింది.

"పేరు చదవకముందే ఎందుకు లేచావు?" అని అడిగి, అతని మొహం చూసి ఆగిపోయింది. "అయ్యో డెర్క్. నీకనుకున్నావా?"

"పిన్ని పుట్టినరోజు అక్టోబర్లో."

"నీకు నిజం చెబితే ఎవెర్ట్‌కి చేరిపోదూ? నీ నోట్లో నువ్వుగింజ నానదు కదయ్యా! అందుకని నీకూ చెప్పలేదు."

"మరి నాకెందుకివ్వరు?" అన్నాడు. చిన్నపిల్లాడి మాటలా బయటికొచ్చింది, వెనక్కి లాక్కోలేకపోయాడు.

హెర్మీన్ గొంతు తగ్గించింది. "అడిగాం. నేనూ రీకీ రెండేళ్ళ కిందటే ఇక్కడికొచ్చి అడిగాం. ఆఫీసులో అమ్మాయి మర్యాదగానే చెప్పింది. చాలా గొప్ప పనేనండీ, కానీ ఒక్కసారి చేసిన పని అంది. పతకం ఏళ్ళ తరబడి చేసిన సేవకిట. తక్కువలో తక్కువ పదిహేనేళ్ళుట."

"అయితే పదిహేనేళ్ళపాటు కొంచెం కొంచెంగా కోసి ఇవ్వాల్సింది."

ఆవిడకి నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. "కావాలని నువ్వెప్పుడూ అనలేదు కదా."

"అనలేదు."

"కావాలా?"

"తెలీదే. నిజంగా తెలీదు."

అప్పుడే ఎవెర్ట్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. రాజుగారి పండగకని చేసే నారింజ రంగు క్రీము కేకు ఒకటి చేతిలో ఉంది, కోటు మీద పతకం వంకరగా వేలాడుతోంది. "హెర్మీన్, వీణ్ణి ఒక్క నిమిషం తీసుకెళ్తాను" అని డెర్క్ మోచెయ్యి పట్టుకుని బయట సైకిళ్ళు పెట్టే చోటికి లాక్కుపోయాడు.

"నీ పేరే పిలుస్తారనుకున్నావ్."

"చప్పట్లు కొడదామని లేచాను."

"ఒరేయ్, పేరు చదవకముందే ఎవడికి కొడతావురా చప్పట్లు? నిన్ను నాలుగేళ్ళప్పట్నుంచీ చూస్తున్నాను. పిలవని పెళ్ళికి పోయేవాళ్ళని చూశాను గానీ, పిలవని పతకానికి లేచి నిలబడ్డవాణ్ణి ఇవాళే చూశాను!" ఎవెర్ట్ పగలబడి నవ్వాడు. వంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నవ్వాడు. కేకు కిందపడింది.

మూడేళ్ళకి మళ్ళీ ఒరేయ్ అన్నాడు. దానికి సంతోషించాలని డెర్క్‌కి తెలుసు. ఒక పక్క సంతోషం వేసింది కూడా. కానీ నోటి వెంట వచ్చింది కోపం.

"నవ్వు. బాగా నవ్వు. మూడేళ్ళు ఎక్కడ దాచావీ నవ్వు? ఇంకోసారి నా చెత్త డబ్బా ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతాను. ఆ ఆస్పరాగస్ తీసుకెళ్ళి నువ్వే తిను. పేకాటలో కావాలని ఓడిపోతుంటే నాకు తెలియదనుకున్నావా? ఏం చేశాన్రా నీకు నేను? ఏం పాపం చేశాను?"

ఎవెర్ట్ నవ్వు ఆగిపోయింది.

"ఏం చేశావా? బతికించావు. అది చాలదూ?"

"అంటే?"

"కొట్లోకి వెళితే 'డెర్క్ బాగున్నాడా' అని నన్నడుగుతారు. దగ్గితే 'జాగ్రత్త, అది డెర్క్‌ది' అంటారు. బీరు గ్లాసు పట్టుకుంటే పాస్టరు గ్లాసుకేసి చూస్తాడు. నా పెళ్ళామే చూస్తుంది. మూడేళ్ళుగా ఈ ఊళ్ళో ఎవెర్ట్ అనేవాడు లేడురా. నీ కిడ్నీని మోసుకు తిరిగే సంచీ ఒకటుంది, అంతే. నిన్ను ఓడించి ఏడిపిద్దామని జాకీ ఎత్తుతాను. ఎత్తిన చెయ్యి ఎవరిది, వీడు ఇస్తే కదా ఎత్తుతున్నావు అనిపిస్తుంది. దించేస్తాను." కోటు మీది పతకాన్ని వేలితో తట్టాడు. "ఇవాళ మేయరమ్మ నా పేరు పిలిచింది. నా పేరు! నా ఐసుకి, నా పంపుకి, నేను లేచిన తెల్లవారుజాములకి. వెనక్కి తిరిగి చూద్దును కదా, అక్కడా నువ్వే నిలబడి ఉన్నావ్."

 తన కిడ్నీ పోయి పక్కింట్లో ఏం చేస్తోందో డెర్క్ ఎప్పుడూ ఆలోచించలేదు. మనిషిని బతికిస్తోందనే అనుకున్నాడు. అది నిజమే. ఇదీ నిజమే. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో అతనికి అంతుపట్టలేదు.

"చెప్పు" అన్నాడు ఎవెర్ట్. "ఇవాళ తేల్చేద్దాం. నీకేం కావాలి? ఇది కావాలా?" పతకం పిన్ను పట్టుకుని పీకబోయాడు.

"ఛీ, ఉంచు. అది నీది."

"థాంక్స్ కావాలా? నా నోటితో?"

"వద్దు" అన్నాడు డెర్క్. ఒక క్షణం ఆగి, "ఏమో" అన్నాడు. నేల చూస్తూ, "కావాలేమోరా. నాకు తెలీడంలేదు" అన్నాడు.

 ఎవెర్ట్ కోటు గుండీ పెట్టుకున్నాడు. చేతికంటిన క్రీము రుమాలుతో తుడుచుకున్నాడు. నిటారుగా నిలబడి చెయ్యి చాపాడు.

"డెర్క్ గారూ, మీరు నాకు కిడ్నీ ఇచ్చారు. మీరు చేసిన సాయానికి నా హృదయపూర్వకమైన థాంక్స్ అండీ."

వెటకారం లేదు. పూర్తిగా, శ్రద్ధగా, ఒక్కో మాటా విడివిడిగా చెప్పాడు. డెర్క్ చెయ్యి కలిపాడు. మూడేళ్ళుగా తనకి తెలియకుండానే ఎదురుచూసిన మాట అది. వచ్చింది, చెవిలో పడింది. పడ్డాక అది ఎలాంటి మాటో అర్థమైంది. తెలియని ఊళ్ళో దారి చూపించినవాడికి చెప్పే మాట. రైల్లో సూట్‌కేసు పైకెక్కించినవాడికి చెప్పి మర్చిపోయే మాట. యాభై నాలుగేళ్ళ ఇరుగుపొరుగులో ఆ ఇంట్లోంచి ఈ ఇంటికి ఎన్నడూ రాని మాట. అతనికి ఒక్కసారిగా భయం వేసింది.

"వెనక్కి తీసుకో" అన్నాడు.

"ఏది?"

"ఇప్పుడన్న మాట. నాకొద్దు. వెనక్కి తీసుకోరా, ఎవెర్ట్."

ఎవెర్ట్ చెయ్యి వదల్లేదు.

"కుదరదు. ఇచ్చేశాక వెనక్కి తీసుకోడానికుండదు. ఆ సంగతి నాకు మూడేళ్ళ బట్టీ తెలుసు. ఇంక నువ్వూ మొయ్యి."

లోపల్నుంచి రీకీ ఇద్దరినీ ఫోటోకి రమ్మని పిలుస్తోంది. డెర్క్‌కి వచ్చింది కోపమో ఏడుపో అతనికే తేలలేదు. చెయ్యి మాత్రం తనూ వదల్లేదు.